ఐదువేల నలభైకి ఒక పోగు తక్కువ

మా చిన్నాయన దినాలకు గద్వాలకు పోయి వచ్చి వారం దాటింది, నడుము ఇంకా నా మాట వినడం లేదు. నాగర్ కర్నూలులో బస్సెక్కితే వనపర్తి దాకా నిలబడే పోవాల్సి వచ్చింది, ఆ తర్వాత కూర్చోవడానికి చోటు దొరికింది గాని అప్పటికి కాళ్ళు కూర్చోవడం మరిచిపోయాయి. నన్ను ఎరిగినవాళ్ళు నా మాటలో ముప్పాతిక కోసి పారేసి మిగిలిన పాతికను మాత్రం నమ్ముతారు. గద్వాల కోట గోడ మీద కూర్చుని కాళ్ళు వేలాడేస్తే పాదాలు కృష్ణలో తడిసేవని చెప్పి ఎంతమందిని నమ్మించానో లెక్క లేదు. నది అక్కడికి కొన్ని కోసుల దూరం. అయినా ఇప్పుడు చెప్పబోయేది కోయకుండా నమ్మండి. అల్లి చెప్పే ఓపిక ఈ మధ్య తగ్గిపోయింది.

దినాలయ్యాక మర్నాడు పొద్దున చుట్టాలంతా ఎవరి మూటలు వారు కట్టుకుంటుంటే నేను మజ్జిగ గ్లాసు పట్టుకుని మగ్గాల గదిలోకి పోయి కూర్చున్నాను. చిన్నాయన మనుమని భార్య సుజాత చీర నిలువు పోగులు సాగదీసిన కొత్త పడుగు ముందు పీట వేసుకుని పోగులు లెక్కపెడుతోంది. ఇరవై ఏళ్ళ పిల్ల, పదో తరగతి చదివింది, చెయ్యి చురుకు. లెక్క ముగించి, పడుగు అంచు నుంచి ఒక నిండు పోగును తప్పించి, మడిచి, గోడ మేకుకు కట్టింది. ఆ మేకుకు అప్పటికే ముంజేతి లావున పాత పోగుల కట్ట వేలాడుతోంది. కింది పోగులు పొగచూరి నల్లబడ్డాయి.

"మంచి పోగు గదనే, ఎందుకు తీసినవు?" అన్నాను.

"మన ఇంటి ఆనవాయితీ పెద్దత్తా. ఐదువేల నలభై నిండుగ ఉంచొద్దు, ఒకటి తక్కువ ఉండాలె. అప్పుడు దాన్ని ఎవ్వరూ విడదియ్యలేరంట. మీ అవ్వ పెట్టిందంట గద ఈ పద్ధతి, మీకు తెల్వదా?"

మజ్జిగ ఒక గుక్క తాగాను. తెలుసు తల్లీ. ఆ పద్ధతి పెట్టింది అవ్వ కాదు, పన్నెండేళ్ళ అబద్ధాలకోరు నర్సి, అంటే నేను.

మా అమ్మ నాకు ఊహ తెలియకముందే పోయింది. నాయన చీరల మూట ఎత్తుకుని వనపర్తి, కొల్లాపురం, ఉప్పునుంతల దాకా సంతలు తిరిగేవాడు, ఇంట్లో కనబడేది తక్కువ. నన్ను పెంచింది నాయన తల్లి, మా అవ్వ. ఇంట్లో రెండు గుంట మగ్గాలు. ఒకటి చిన్నాయనది, ఇంకొకటి నాయన ఊళ్ళో ఉన్నప్పుడు నేసేది, లేనప్పుడు కోళ్ళు పండుకునేది. ఆ ఇంటి వాసన ఇప్పటికీ ముక్కులో ఉంది. పడుగుకు పట్టించే జొన్న గంజి పులిసిన వాసన, తడి నూలు వాసన, పట్టు ఉడకబెట్టినప్పుడు వచ్చే చేపల వంటి నీచు, వీటన్నిటి మీద అవ్వ నస్యం ఘాటు. పొద్దున లేవగానే అవ్వ దేవుడికి దండం పెట్టేది కాదు, పడుగుకు పెట్టేది. "దేవుడు ఎటూ పోడు, పోగు పోతది" అనేది.

పడుగు లెక్క అవ్వ పని. గోడకు కొట్టిన మేకుల చుట్టూ నూలు తిప్పి తిప్పి సాగదీస్తే పోగులన్నీ ఒక చోట జడలాగా చేరేవి. అవ్వ ఆ జడ ముందు కూర్చుని ఒక్కొక్క పోగును బొటనవేలి కిందికి జార్చేది. మొదటి పోగును ఒకటి అనదు, లాభం అంటుంది. లాభం, రెండు, మూడు, అట్లా నూట ఇరవై పోగులైతే ఒక పుంజం. పుంజం నిండితే నడుముకు కట్టుకున్న తాడులో ఒక ముడి. నలభై రెండు ముళ్ళు పడితే చీర పడుగు నిండినట్టు, అంటే ఐదువేల నలభై. అవ్వకు అక్షరం ముక్క రాదు గాని ఆ సంఖ్య ఆమెకు ఆడపడుచు లాంటిది. దాని గుణాలు, అలకలు అన్నీ తెలుసు.

"ఇది అందరి పంక్తిల కూసుంటదే" అనేది. "ఇద్దరిద్దర్ని కూసోబెట్టు, ఒక్కరు మిగలరు. ముగ్గుర్ని, నలుగుర్ని, ఐదుగుర్ని, పదిమంది దాంక ఎట్ల కూసోబెట్టినా ఆకు ఖాళీ ఉండదు, మనిషి నిలవడడు. పదకొండు కాడనే జర మొండికేస్తది." గళ్ళ చీరకు గడికి ఇరవై నాలుగు పోగులు పెట్టినా, చారల చీరకు పద్నాలుగు పెట్టినా, ముప్పై ఆరు పెట్టినా చివరి గడి చివరి చార నిండుగా వచ్చేది అందుకే. మా పెద్దలు ఆ సంఖ్యను ఎక్కడి నుంచి పట్టుకొచ్చారో తెలియదు.

ఎదురింట్లో ఖాదర్ సాబ్ ఉండేవాడు. ఉర్దూ బడిలో పిల్లలకు లెక్కలు చెప్పి చెప్పి, చాలించుకుని ఇంటి పట్టున ఉన్నాడు. దమ్ము జబ్బు ఉండేది, నాలుగు మాటలకు ఒకసారి ఊపిరి కోసం ఆగేవాడు. అందుకని ఆయన ప్రతి మాటా గొప్ప రహస్యంలాగా వినబడేది. మధ్యాహ్నం పలక చంకన పెట్టుకుని మా అరుగు మీదికి వచ్చేవాడు, అవ్వతో లెక్కల ముచ్చట్లు పెట్టడానికి. ఒకరోజు, "అవ్వా, నీ నూట ఇరవైకి ఏడుతో పొత్తు లేదు, చూసినవా? ఏడుగురికి పంచితే ఒకటి మిగులుతది" అన్నాడు.

"లేకుంటేంది సాబూ? నలభై రెండు ముళ్ళు తెస్తయి గద ఏడును" అంది అవ్వ తల ఎత్తకుండా. "తొమ్మిది గూడ అంతే. తొమ్మిదంటే మూడు మూళ్ళు. ఒక మూడు దీని కాడ ఉంది, ఒక మూడు దాని కాడ ఉంది. మొగుడు తెచ్చింది కొంత, పెండ్లాం తెచ్చింది కొంత. సంసారం నడుస్తలేదా?"

ఖాదర్ సాబ్ పలక తొడ మీద పెట్టుకుని చాలాసేపు నవ్వాడు, తర్వాత దగ్గాడు. ఆయనే నాకు చూపించాడు, ఒకటి నుంచి ఏడు దాకా వరుసగా గుణించుకుంటూ పోతే ఐదువేల నలభై వస్తుందని, ఏడు నుంచి పది దాకా గుణించినా అదే వస్తుందని. "రెండు తొవ్వలు, ఊరు ఒక్కటే బేటీ" అన్నాడు. దాన్ని మిగులు లేకుండా భాగించే అంకెలన్నీ పలక మీద రాసి చూశాడు. సరిగ్గా అరవై తేలాయి. మన సంవత్సరాలకు ఎన్ని పేర్లున్నాయో అన్ని. అవ్వ ఆ మాట విని పడుగు వైపు తిరిగి ఇంకోసారి దండం పెట్టుకుంది.

ఇక నా కథల్లో మొరిగిన కుక్క సంగతి. నాకు పదకొండు దాటిన ఏడు ఎండాకాలంలో అవ్వ నన్ను గంజి కుండ దగ్గరికి పిలిచి, "కండ్ల ముంగట మంచు కమ్మినట్లయితుందే నర్సీ. ఎవరితోని అనకు" అంది. ఎందుకు అనొద్దో నాకు చెప్పనక్కర లేదు. అవ్వ అత్తగారు పని చేతగాక కూర్చున్నాక ఆమె చాపను వెనక దొడ్లో మేకల కొట్టం పక్కకు మార్చారట. అన్నం పెట్టారు, నీళ్ళు ఇచ్చారు, ఎవరూ తిట్టలేదు. కాని పడుగు ఎక్కినా దిగినా ఆమెను ఎవరూ ఒక్క మాట అడగలేదు. ఆ చాప సంగతి అవ్వ మూడు నాలుగు సార్లు చెప్పింది, ప్రతిసారీ ఆ మాట దగ్గర ఆపి నస్యం పీల్చుకునేది. చిన్నాయన చెడ్డవాడు కాదు. కాని ఆయన అప్పటికే రెండుసార్లు అన్నాడు, "అమ్మకు కండ్లు ఆనుతలేవు. ఇగ లెక్క దీనికి అప్పజెప్పాలె" అని. దీనికి అంటే చిన్నమ్మకు.

అప్పటి నుంచి నేను అవ్వ ఎదురుగా కూర్చుని కథలు చెప్పడం మొదలుపెట్టాను. చూసేవాళ్ళకు పని పాట లేని పిల్ల. నా కన్ను మాత్రం అవ్వ బొటనవేలి మీద ఉండేది. అవ్వ ఒకే పోగును రెండుసార్లు లెక్కపెడితే నా కథలో ఒక కుక్క మొరిగేది. "రాజు గుర్రం దిగిండు, గంతలోనే ఒక కుక్క బౌ అన్నది" అంటే, అవ్వ వేలు ఒక పోగు వెనక్కి పోయేది. రెండు పోగులు ఒకటిగా జారితే కుక్క రెండుసార్లు మొరిగేది. మొదట్లో పుంజానికి ఒక కుక్క కూడా పడేది కాదు. ఏడాది తిరిగేసరికి నా కథల్లో రాజులు, గుర్రాలు పల్చబడ్డాయి, కుక్కలు చిక్కబడ్డాయి.

"ఇదేం రాజ్యమే నర్సీ, జనం కంటే కుక్కలెక్కువున్నయి?" అని మగ్గం గుంటలో నుంచి చిన్నాయన ఎకసెక్కం చేసేవాడు.

"గా రాజుకు కుక్కలంటే పానం చిన్నాయనా" అనేదాన్ని.

"పాపం, నిద్రెట్ల వట్టేదో రాజుకు" అని చిన్నమ్మ నవ్వేది. అవ్వ నవ్వేది కాదు. ఆ కుక్కలెన్నో ఆమెకు లెక్క.

ఆ సంవత్సరమే వనపర్తి నుంచి ఒక పెద్దింటివాళ్ళు పెండ్లి చీర నేయించుకున్నారు. గళ్ళ చీర, పట్టంచు. ఆ పడుగు లెక్క రోజున కోట దగ్గరికి మోటారు బండి వచ్చిందని, అది కదలకుండా మొరాయించిందని, దానికి ఎద్దులను కడుతున్నారని వీధిలో పిల్లలు అరుస్తూ ఉరికారు. ఎద్దులు లాగే మోటారును చూడకపోతే నా వంటి మనిషి బతుకు ఎందుకు? "ఇప్పుడే వస్త అవ్వా" అని లేచాను. అవ్వ నా వైపు చూసింది, కాదు, నేను కూర్చున్న చోటు వైపు చూసింది. "పోయిరా" అంది. నేను తిరిగి వచ్చేసరికి నలభై రెండో ముడి పడి ఉంది. బాగానే అయింది కాబోలు అనుకున్నాను. అనుకున్నానంతే, మళ్ళీ లెక్కపెట్టలేదు.

మూడో రోజు చిన్నమ్మ పడుగు అతకడానికి కూర్చుంది. పాత పడుగు కొసలు మగ్గంలోనే ఉంటాయి, ఐదువేల నలభై కొసలు. వేళ్ళకు బూడిద రాసుకుని ఒక్కొక్క కొసకు కొత్త పోగును మెలివేసి కలుపుతూ పోవాలి. ఆ పని పూర్తయ్యాక మిగలడానికి ఏమీ ఉండకూడదు. రెండు రోజులు అతికింది చిన్నమ్మ. రెండో రోజు పొద్దు బారెడెక్కిన వేళ ఆమె చెయ్యి ఆగింది. చివరి పాత కొస ఒకటి ఒంటరిగా వేలాడుతోంది. దానికి జోడు లేదు.

చిన్నమ్మ చిన్నాయనను పిలిచింది. ఆయన వచ్చి చూశాడు, అరవలేదు. అరిచి ఉంటే బాగుండేది. మెల్లగా, "ఒక పోగు అతికితే అయిపాయె, దానికేముంది. ఇగ నువ్వు ఆరామ్ చెయ్యమ్మా. చాన ఏండ్లు చేసినవు" అన్నాడు. అవ్వ నడుముకున్న తాడును వెతుక్కుని పట్టుకుంది. నాకు మేకల కొట్టం కనబడింది.

అప్పుడు నా నోరు నన్ను అడగకుండానే తెరుచుకుంది. "అవ్వ తప్పు లెక్కవెట్టలే చిన్నాయనా. కావాలనే ఒకటి తక్కువ ఉంచింది."

"ఎందుకట?"

ఎందుకో నాకు మాత్రం ఏం తెలుసు? నోట్లో ఏది ముందుంటే అది వచ్చింది. "ఐదువేల నలభైని ఎవ్వరంటె వాళ్ళు విడదీస్తరు గద. ఒకటి తీసేస్తే ఇగ ఎవ్వరూ విడదియ్యలేరు. ఇద్దరు గాదు, ముగ్గురు గాదు, ఎంతమందొచ్చినా సమంగ పంచలేరు. పెండ్లి చీర గద, విడిపోవద్దని."

చిన్నాయన నా అబద్ధాలు ఎన్నో చూసినవాడు. తల్లి వైపు తిరిగాడు. "నిజమేనా అమ్మా?"

అవ్వ తాడు వదలకుండానే, "పిల్ల చెప్తుంది గద" అంది.

"అయితే ఖాదర్ సాబ్‌ను పిలువు. ఎవ్వరన్న విడదియ్యగలరో, లేదో ఆయననే తేల్చనీ. తేలకుంటే ఇగ లెక్క నీ చిన్నమ్మది."

ఖాదర్ సాబ్ పలకతో వచ్చాడు. సంగతి విని నా ముఖం చూశాడు, అవ్వ చేతిలోని తాడు చూశాడు. కన్ను గీటుతాడేమో, సరేనంటాడేమో అని ఆశపడ్డాను. లెక్కల విషయంలో ఆయన కన్నతల్లికి కూడా కన్ను గీటే మనిషి కాదు. "చూద్దాం" అని బలపం తీశాడు.

నా జీవితంలో అంత పొడుగు పొద్దు ఇంకొకటి లేదు. రెండు నుంచి పది దాకా తొందరగానే తేలింది. ఏ పంక్తిలో కూర్చోబెట్టినా చివర ఒక మనిషి తక్కువే, ఒక ఆకు ఖాళీయే. "పదకొండు" అన్నాడు ఖాదర్ సాబ్. అవ్వ చెప్పిన మొండి పదకొండు. పలక మీద అంకెలు కిందికి దిగుతూ వచ్చాయి. చివరికి ఒకటే ఒకటి మిగిలింది. ఆ ఒక్కటి మిగలకపోయి ఉంటే అవ్వ చాప లేచిపోయేది. పదమూడుకు ఎనిమిది మిగిలాయి. పదిహేడుకు ఏడు. ఇరవై మూడు దగ్గర ఆయన ఆగి దగ్గాడు, నీళ్ళు తాగాడు, రెండు మిగిలాయన్నాడు. తుడవడం, రాయడం, తుడవడం. పలక తుడిచిన తడి గుడ్డ వాసన గంజి వాసనలో కలిసిపోయింది. అన్నాల వేళ దాటింది, చిన్నమ్మ పొయ్యి వెలిగించలేదు. అరవై ఏడు చూసి ఆయన బలపం కింద పెట్టాడు.

"ఇంకా ముందుకు చూడవా సాబ్?" అన్నాడు చిన్నాయన.

"అక్కర లేదు. డెబ్బై ఒకటి డెబ్బై ఒకట్లు ఐదువేల నలభై ఒకటి. అప్పటికే మన లెక్క దాటిపోయింది. ఇంతకంటే పెద్దది భాగించాలంటే, దానికి జోడుగ చిన్నదొకటి ఉండాలె. చిన్నవన్నీ చూసిన." ఊపిరి కోసం ఆగాడు. ఎప్పుడూ లేనంత సేపు ఆగాడు. "పిల్ల చెప్పింది సహీ. ఐదువేల ముప్పై తొమ్మిదిని ఎవ్వరూ విడదియ్యలేరు."

నేను చెప్పిన అబద్ధాల్లో నిజమై కూర్చున్నది అదొక్కటే. అప్పుడు కలిగింది సంతోషం కాదు, భయం. నోటికొచ్చింది చెబితే లోకంలో ఎక్కడో అది ముందే నిజమై ఉందంటే, ఇక నోరు తెరవడానికి ధైర్యం ఎట్లా వస్తుంది? ఆ ధైర్యం మూడు రోజుల్లో తిరిగి వచ్చింది లెండి.

చిన్నాయన తల్లి కాళ్ళ దగ్గర కూర్చుని, "మాకు చెప్పకుంట ఎంత లెక్క చేసినవే అమ్మా" అన్నాడు. చీర వనపర్తికి పోయింది, ఆ పోగు కథ దాని వెంటే పోయింది. ఆ లెక్క తేలిన సాయంత్రం నేను గంజి కుండ తోముతుంటే అవ్వ వచ్చి పక్కన కూర్చుంది. నస్యం తీసింది, పీల్చలేదు.

"కుక్క యాడికి వొయ్యిందే గా దినం?" అంది.

నేను ఏడ్చాను. అవ్వ నా వీపు మీద చెయ్యి వేసి, "ఎద్దులు గుంజినయా మోటారును?" అని అడిగింది. గుంజాయని చెప్పాను. "ఎంత దూరం?" అంది. ఆలంపూరు దాకా అన్నాను. అప్పుడు నవ్వింది.

ఆ తర్వాత ప్రతి పడుగుకూ అవ్వ ఐదువేల నలభై నిండుగా లెక్కపెట్టించి, ఒక పోగు తీసి మేకుకు కట్టేది. అబద్ధం ఆడినందుకు ప్రతిసారీ ఒక పోగు కప్పం. ఎదురుగా నేను, నా కుక్కలు. మూడేళ్ళు అట్లా నడిచింది. తర్వాత నాకు నాగర్ కర్నూలు సంబంధం చేశారు. నేను బండి ఎక్కిన మర్నాడే అవ్వ ఎవరూ అడగకముందే తాడు విప్పి చిన్నమ్మ చేతిలో పెట్టి, "నా కండ్లు అత్తగారింటికి పోయినయి" అందట. ఆ మాట నాకు నాయన చెప్పాడు, చెప్పి దాని అర్థం ఏమిటని నన్నే అడిగాడు. తెల్వదన్నాను. అవ్వ చాపను మేకల కొట్టం పక్కకు ఎవరూ మార్చలేదు. ఆ లెక్క తీసిన తల్లి కదా, చివరి దాకా మగ్గాల గదిలోనే ఉంది. పడుగు ఎక్కినా దిగినా చిన్నాయన ఆమెను అడిగేవాడు. నేను మాత్రం పిల్లలతో, సంసారంతో ఏడాదికి ఒకసారి కూడా పోలేకపోయాను. ఎటు కూర్చోబెట్టినా ఒక ఆకు ఖాళీ అని ఖాదర్ సాబ్ పలక మీద చెప్పింది నాకు అప్పుడు అర్థమైంది.

ఇప్పుడు ఆ గదిలో కరెంటు దీపం ఉంది, నూలు చుట్టలు ఎక్కడి నుంచో కట్టలుగా వస్తాయి, ఖాదర్ సాబ్ ఇల్లు ఉన్న చోట సైకిళ్ళ దుకాణం. సుజాతకు నిజం చెబుదామని నోరు తెరిచాను. చెప్పాలంటే కుక్కలతో మొదలుపెట్టాలి, మోటారు చెప్పాలి, మేకల కొట్టం చెప్పాలి. అబద్ధం ఒక ఊపిరిలో వచ్చింది, నిజానికి అంత దమ్ము ఎక్కడ తేను? గ్లాసు కింద పెట్టి, "ఆ కట్టల ఎన్ని పోగులుంటయే?" అన్నాను.

"ఎవరు లెక్కవెట్టిండ్రు పెద్దత్తా?"

మేకు మీది నుంచి కట్టను దించి ఒళ్ళో పెట్టుకున్నాను. అడుగున ఉన్న నల్లటి పోగులు అవ్వ కట్టినవి. బొటనవేలి కిందికి ఒక్కొక్కటీ జార్చాను. లాభం, రెండు, మూడు. ఈ మధ్య నాకూ కండ్ల ముందు మంచు కమ్మినట్టుంటోంది, దీపం చుట్టూ నూలు చుట్టినట్టు కనబడుతోంది, ఇంట్లో ఎవరితోనూ అనలేదు. ముప్పై దాకా బాగానే పోయాను.

"పెద్దత్తా, గా పోగు ఇప్పుడే లెక్కవెట్టిండ్రు గద, మళ్ల లెక్కవెడుతుండ్రేంది? కండ్లు కనవడ్తలేవా?" అంది సుజాత. ప్రేమగానే అంది, గట్టిగా అంది. పక్క గదిలో మూటలు కడుతున్నవాళ్ళంతా ఇటు తిరిగి చూశారు.

నేను ఒక పోగు వెనక్కి పోయాను. చెవి మాత్రం ఇంకా దేనికోసమో వేచి ఉంది. వీధిలో సైకిలు గంటలు వినబడుతున్నాయి, కుక్క మాత్రం లేదు.